బాణం లేని టేపు

వీసీఆర్ పైమూత విప్పి, స్పిరిట్‌లో తడిపిన తెల్లగుడ్డ పేలికను వేలికి చుట్టుకుని డేవిడ్‌రాజు హెడ్డు తుడుస్తున్నాడు. టీ గ్లాసు అడుగంత వెడల్పున్న ఆ మెరిసే దిమ్మె మీద గుడ్డ రుద్దకూడదు. వేలు పైకీ కిందికీ కదిలితే దాని అంచున ఉండే వెంట్రుకవాసి మొనలు విరిగిపోతాయి. గుడ్డను కదలకుండా ఆనించి పట్టుకుని, రెండో చేత్తో దిమ్మెనే మెల్లగా తిప్పాలి. ఏళ్ళ తరబడి ప్రతి ఉదయం చేస్తున్న పనే. ఒకప్పుడు కుడిచేత్తో ఆనించి ఎడమచేత్తో తిప్పేవాడు. వేసవి నుంచి చేతులు మార్చుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

గది చిన్నది. ఆత్మకూరు బస్టాండు వెనక వీధిలో, శ్రీనివాసులు స్టీలు సామాన్ల అంగడి పైన. ఇనపమెట్లెక్కి రావాలి. తెర మీద వెలుగు పడకుండా కిటికీ అద్దాలకు నల్లకాగితం అంటించి ఉంది. పొడుగాటి చెక్కబల్ల మీద కంప్యూటరు, పక్కన చిన్న టీవీ, కింద అరలో రెండు వీసీఆర్లు, వాటి వెనక దుమ్ముపట్టి చిక్కుపడిన వైర్లు. మూలన చుట్టిపెట్టిన చాప, దాని మీద దుప్పటి. వారమంతా అతని కాపురం ఇక్కడే. శనివారం సాయంత్రం ఉదయగిరి బస్సెక్కి ఇంటికి పోతాడు. ఆదివారం చర్చి చూసుకుని సోమవారం తొలిబస్సుకు వచ్చేస్తాడు. ఇవాళ శనివారం.

హెడ్డు తుడవడం అయ్యాక మూత బిగించి, సొరుగులోంచి ఇసక మూట తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. అరచేయంత మూట. నీలం పూల పాతచీర ముక్కతో కుట్టింది. కుట్టింది లిదియమ్మే, అతని భార్య. ఉదయగిరిలో బడిపిల్లలకు వంట చేస్తుంది.

"ఇది దేనికి?" అని అడిగింది సూదిలో దారం ఎక్కిస్తూ.

"కాగితాలు ఎగిరిపోకుండా."

"కిటికీగూడా తెరవని గదిలో కాగితాలు ఎట్టా ఎగరతాయి?" అంది. అంతకుమించి అడగలేదు. కుట్లు మాత్రం రెండు వరసలు వేసింది, ఇసక కారకుండా.

మూట కాగితాలకు కాదు, కుడి మణికట్టుకు. మణికట్టు మీద ఆ బరువుంటే వణుకు వేళ్ళలోకి రాకుండా అక్కడే ఆగిపోతుంది. పూర్తిగా ఆగదు, పక్కగదిలో ఎవరో నడుస్తున్నట్టు లోపల తెలుస్తూనే ఉంటుంది. కానీ తెర మీదికి రాదు. అతనికి కావలసింది అంతే.

చుట్టుపక్కల పెండ్లిళ్ళు వీడియో తీసినవాళ్ళు టేపులు తెచ్చి ఇక్కడ పడేస్తారు. వాటిని కోసి అతికించి, మొదట్లో పేర్లు, మధ్యలో రాలే పూలరేకులు, గుండె ఆకారంలో పెండ్లికూతురి మొహం, ఇట్లాంటివన్నీ కంప్యూటర్లో చేసి కలపడం డేవిడ్‌రాజు పని. చెయ్యడం ఒక ఎత్తు. చేసినదాన్ని కంప్యూటరు తెర మీది నుంచి టేపు మీదికి ఎక్కించడం ఇంకో ఎత్తు. దానికి అడ్డదారి లేదు. బొమ్మ ఎంతసేపు ఆడుతుందో టేపు అంతసేపు తిరగాలి, మనిషి అంతసేపు కూర్చోవాలి. మౌసుతో నొక్కి బొమ్మను లేపగానే, తెర మీది బాణాన్ని ఒక్క విసురున కుడివైపు కిందిమూలకు తోసెయ్యాలి. టీవీ చట్రం మింగేసే సన్నటి అంచు ఒకటి అక్కడ ఉంటుంది. బాణం అందులో దాక్కుంటే టేపులో కనపడదు. అట్లాగని మౌసు వదిలేయడానికి లేదు. కంప్యూటరు ముసలిది, బొమ్మ తర్వాత బొమ్మను దానంతట అది మార్చలేదు. పాటకు సరిగ్గా నొక్కాలి. కాబట్టి వేలు బొత్తాం మీద, బాణం మూలలో, చెయ్యి రాయిలాగా.

మొదట్నుంచీ అతనికి ఆ పని బాగా అబ్బింది. ఉదయగిరిలో కుర్రతనంలో సినిమా హాలుకు గాజుపలకల మీద 'విరామం', 'పొగ త్రాగరాదు' రాసేవాడు. తను రాసిన అక్షరాలు తెరంత అయ్యి కనిపిస్తుంటే వెనక బెంచీ మీద చీకట్లో కూర్చుని చూసేవాడు. ఎవరు రాశారని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అడగకపోవడం అతనికి హాయిగా ఉండేది. తర్వాత శ్రీనివాసులు తండ్రి వెంకటరమణయ్య చెన్నైనుంచి కంప్యూటరు తెప్పించి, "రేయ్ డేవిడూ, నీ గీత బాగుండాది. ఇది నేర్చుకోరా" అని ఇక్కడ కూర్చోబెట్టాడు. తెర మీద తను లేకుండా ఉండటమే ఇక్కడి పనితనమని అతనికి త్వరలోనే తెలిసింది. బాణం కనపడిందంటే, ఈ పూలరేకులు ఆకాశం నుంచి రాలడం లేదు, ఎవడో ఒకడు నొక్కుతున్నాడని చూసేవాళ్ళకు తెలిసిపోతుంది. అది తెలియకూడదు.

వేసవిలో కలిగిరి పెండ్లి టేపు వెనక్కి వచ్చింది. పెండ్లికూతురి బుగ్గ మీద బాణం. "మా పిల్ల మొహాన ఈగ వాలినట్టుండాది" అన్నారు వాళ్ళు. మొన్న ఇంకోటి. చనిపోయిన పెద్దాయన ఫోటోలో సరిగ్గా కంటి దగ్గర. "చచ్చినాయన కండ్లు పొడిచినారు గదప్పా మీరు" అని ఆ ఇంటి అల్లుడు కింద అంగట్లో గిన్నెలు కొనేవాళ్ళందరి ముందర అన్నాడు.

ఇనపమెట్ల మీద చెప్పుల చప్పుడైంది. డేవిడ్‌రాజు ఇసక మూటను కీబోర్డు వెనక్కి తోశాడు.

శ్రీనివాసులు గుమ్మంలోనే నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి. ఎప్పుడూ ఏదో లెక్క సగంలో వదిలి వచ్చినట్టుంటాడు.

"డేవిడన్నా, చేజర్ల మల్లికార్జున సాయంత్రం వస్తాడంట. కూతురి పెండ్లి క్యాసెట్టు. ఆయన నోరు మంచిది గాదు."

"అయిపోతాది."

"అయిపోవడం గాదన్నా. బాణం లేకుండా అయిపోవాల." బల్ల మీది వైరును ఊరికే సర్దాడు. "నెల్లూర్లో కొత్త మిషను చూసొచ్చినా. నేరుగా సీడీకే ఎక్కతాదంట, మనిషి పక్కన కుచ్చోబల్లేదంట. నాయన ఉన్నప్పుడు వేరే. నీ మీద నాకేం లేదు. అయితే ఇంకొక్కటి తిరిగొచ్చిందంటే నేనుగూడా ఏం జెయ్యలేను. ముందే చెప్తుండా."

డేవిడ్‌రాజు తలూపాడు.

"కండ్లు చూపించుకోరాదా? ఊరికే అద్దాలు మారిస్తే సరిపొయ్యేదానికి..."

"చూపించుకుంటా."

అందరూ కళ్ళనే అనుకుంటున్నారు. అతను కాదనలేదు. కళ్ళకు అద్దాలున్నాయి. చేతికి ఏమున్నాయి?

శ్రీనివాసులు దిగిపోయాక అతను కాసేపు తన కుడిచేతిని చూస్తూ కూర్చున్నాడు. తొడ మీద పెడితే చిన్నగా, చలిపట్టిన జంతువులా వణుకుతోంది. ఇన్నేళ్ళు కదలొద్దంటే కదలని చెయ్యి. దాని మీద అతనికి కోపం లేదు. ఎవరికీ కనపడకుండా ఇన్నాళ్ళు బతికిన వస్తువు ఇప్పుడు బయటికి రావాలని చూస్తోందనిపించింది. అది రావాలనుకున్నప్పుడే తను దాన్ని మూలకు తొయ్యాలి. ఆలోచన ముందుకు సాగలేదు. అలసట అడ్డంపడింది. రాత్రి నిద్రపోయినా పోని అలసట అది. ఈ మధ్య పొద్దున లేవగానే దాన్నే మొదట గుర్తుపడుతున్నాడు.

మూటను ముందుకు లాక్కున్నాడు. అంతలో మళ్ళీ మెట్ల చప్పుడు. ఈసారి చెప్పుల్లేని అడుగులు. ఒక్కో మెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటున్నాయి.

గుమ్మంలోకి వచ్చింది ముసలామె. పొట్టిగా, నల్లగా, ముక్కుకు రెండువైపులా ముక్కుపుడకలు. గంజి పెట్టిన అంచుచీర. చంకలో గుడ్డసంచి. మెట్ల కమ్మీ పట్టుకుని లోపలి చీకటికి కళ్ళు అలవాటు చేసుకుంది.

"పెండ్లి టేపులు అతికించేది ఈడనేనా?"

"ఈడనే. ఏమన్నా ఉంటే కింద అంగట్లో అడగండి పెద్దమ్మా."

"గిన్నెలమ్మేటోనితో నాకేం పని? నాకు నీతోనే." లోపలికొచ్చి చుట్టూ చూసింది. "నేను వరదమ్మని. చేజర్ల మల్లికార్జున నా కొడుకు. మా హర్షిత పెండ్లి నీకాడే గదా ఉండాది?"

"ఉండాది. సాయంత్రానికి ఇస్తా."

"మొదట్లో మా ఆయన ఫోటో పెట్టి దీపం వెలిగిస్తావంట."

"అవును." ఇక్కడి పెండ్లి క్యాసెట్లన్నిటికీ అది మామూలే. ఇంట్లో కాలం చేసిన పెద్దలను ముందు చూపించి, వాళ్ళ ముందు దీపం పెట్టి, ఆ తర్వాతే పందిరిలోకి పోతారు.

వరదమ్మ సంచిలోంచి కాగితంలో చుట్టిన ఫోటో తీసింది. తనదే. కొత్తగా తీయించుకున్నది.

"ఆయన పక్కన నన్నుగూడా పెట్టు. నాకూ ఒక దీపం పెట్టు."

అతను ఫోటో చేతిలోకి తీసుకోలేదు. "బతికుండేవాళ్ళకు పెట్టకూడదు పెద్దమ్మా."

"తెలుసులే. నేనేమన్నా ఎర్రిదాన్నా?" చాపచుట్ట పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. "నాకు ఒకడే కొడుకు. వానికి ఒకతే కూతురు. ఆడబిడ్డల ఇండ్లల్లో అన్నీ అయిపోయినాయి. ఇంక మా ఇంట్లో పెండ్లంటే హర్షిత కడుపున పుట్టినోళ్ళకే. అప్పటికి నన్ను ఎవరు గురుతు పెట్టుకుంటారు? పెండ్లికి ముందు పోయినోళ్ళకేనా దీపం, తర్వాత పోతే ల్యా? ఆయన తెలివిగల్లోడు, ముందే పోయినాడు."

డేవిడ్‌రాజుకు నవ్వొచ్చింది. చాలాకాలమైంది ఈ గదిలో నవ్వి.

"మీ అబ్బాయి నా తోలు తీస్తాడు. కళకళలాడే క్యాసెట్లో బతికుండే తల్లికి దీపం పెట్టినావేందిరా అంటే ఏం చెప్పేది?"

"వానికి నేను చెప్పుకుంటా."

"చెప్పినారా?"

ఆమె చీర అంచు సర్దుకుంది. "కండ్ల డాక్టరు కాడికని చెప్పి షేరాటో ఎక్కినా."

"కుదరదు పెద్దమ్మా. ఏమనుకోవద్దు."

"సరే. కుదరకపోతే కుదరదు. కాసేపు కుచ్చుంటా. ఎండ మండతా ఉండాది."

"కుచ్చోండి గానీ, నేను ఎక్కించేటప్పుడు మాట్లాడగూడదు, కదలగూడదు. మెషిను తనంతట తను ఆగిపొయ్యేదాకా అట్నే ఉండాల. ఈ బల్ల అదిరిందంటే నా కూడు పోతాది."

"మాట్లాడొద్దంటే మాట్లాడను. మా మామ బతికుండేదాకా ఆ ఇంట్లో నేను నోరెత్తింది ల్యా. కదలకుండా కుచ్చునేదాన్ని చూడాలంటే నన్నే చూడాల."

మల్లికార్జున తండ్రి ఫోటో తెర మీదికి వచ్చింది. తలపాగా, గట్టి దవడ. డేవిడ్‌రాజు దాని ముందు దీపం పెట్టాడు. ఈ దీపం అతను కంప్యూటర్లో గీసిన మొదటి బొమ్మ. చుక్క పక్కన చుక్క పేర్చి నెలంతా గీశాడు. కుంది వెంకటరమణయ్య ఇంట్లోది, ఇత్తడిది. మంట మాత్రం అతని తల్లి రెబెకమ్మది. ఉదయగిరిలో కొండ గాలి తలుపు సందులోంచి వచ్చి, గూట్లో కిరసనాయిలు బుడ్డి మంటను ఎప్పుడూ ఎడమపక్కకు వంచేది. ఆమె అరచెయ్యి అడ్డం పెట్టి కాసేది. గీసేటప్పుడు అతనికి వేరే మంట గుర్తుకు రాలేదు. అందుకే ఈ ప్రాంతంలో ఎవరు చనిపోయినా వాళ్ళ ముందు దీపం కొంచెం ఎడమపక్కకు వాలే వెలుగుతుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

మూటను మణికట్టు మీద పెట్టుకున్నాడు. ఎడమచేత్తో రికార్డు నొక్కాడు. కుడిచేత్తో బొమ్మను లేపి, బాణాన్ని మూలకు విసిరాడు. అది చట్రంలోకి మాయమైంది.

దీపం వెలిగింది. తర్వాత పేర్లు, బంగారు రంగులో. తర్వాత తామరపూలు విచ్చుకున్నాయి. పాట నడుస్తుంటే అతను వేలు మాత్రమే కదిలించి నొక్కుతున్నాడు. మూట కింద మణికట్టు కొట్టుకుంటోంది. ఊపిరిని సగంలో ఆపి, సగం వదిలాడు. హర్షిత మొహం గుండె బొమ్మలో తేలింది. నొక్కాడు. రేకులు రాలాయి. నొక్కాడు. ఒకచోట వేలు తడబడింది, చట్రం అంచున తెల్లటి మొన ఏదో తళుక్కుమన్నట్టనిపించింది. ఏమీ లేదు, రాలే రేకు అంచు. వెనక స్టూలు మీద వరదమ్మ ఉన్నట్టే లేదు. తిరిగి చూస్తే స్టూలు ఖాళీగా ఉంటుందేమో అనిపించేంత నిశ్శబ్దం.

అయిపోయాక వీపంతా తడిసిపోయింది.

"ఇంక మాట్లాడొచ్చునా?" అంది ఆమె.

"మాట్లాడండి."

"ఏం ల్యా. ఊరికే అడిగినా."

క్యాసెట్టు తీసుకుని కిందికి దిగాడు. శ్రీనివాసులు అంగట్లోని టీవీకి పెట్టి, బేరానికొచ్చిన మనిషిని ఆగమని చెప్పి, కంప్యూటరు బొమ్మలున్న చోటల్లా చూశాడు. తెరకు అంత దగ్గరగా మొహం పెట్టి అతను చూస్తుంటే, డేవిడ్‌రాజు స్టీలు బిందెలో సాగిపోయి కనిపిస్తున్న తన మొహాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"ఒక్క తావున గూడా ల్యా." శ్రీనివాసులు తిరిగాడు. నిజంగానే సంతోషపడ్డాడు. "ఇట్టా చేస్తే నాకు నెల్లూరు మిషను ఎందుకన్నా? ఇప్పుడే వద్దని చెప్పేస్తాలే. వచ్చే ముహూర్తాలుగూడా నువ్వే చూసుకో."

"సరే."

"ఇంత చెప్తే సరే అంటావేంది? నవ్వుగూడా నవ్వవా?"

నవ్వాడు. మెట్లెక్కుతుంటే అర్థమైంది, లోపల సంతోషం కోసం వెతికితే అక్కడ ఏమీ లేదు. ఇన్నాళ్ళూ భయమే అతన్ని నిటారుగా నిలబెట్టింది. అది తప్పుకోగానే, కర్రలు తీసేసిన పందిరిలాగా ఒళ్ళు ఒక్కసారిగా కుంగింది. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా లాగుతోంది. పొద్దున తిన్న వడ గ్యాసు అనుకున్నాడు. మెట్ల మధ్యలో కమ్మీ పట్టుకుని ఆగాడు. మళ్ళీ కిందికి దిగి గోళీసోడా తాగి, తేన్పు రాకపోతే ఛాతీ మీద చేత్తో రుద్దుకుంటూ పైకి వచ్చాడు.

వరదమ్మ సంచిలోంచి బొరుగులు తీసి తింటోంది. "పట్టు నాయనా."

కొన్ని తీసుకున్నాడు. నములుతూ ఆమె అడిగింది.

"మీదేవూరు?"

"ఉదయగిరి. సాయంత్రం బస్సుకు పోతా."

"పిల్లకాయలా?"

"ల్యా. నేనూ, ఆమే."

వరదమ్మ నమలడం ఆపి అతని వంక చూసింది. అయ్యో అనలేదు. "అయితే మీ ఇంట్లో ఎప్పటికీ పెండ్లే ల్యా" అంది, లెక్క సరిచూసుకున్నట్టు.

అతనికి ఆ మాట నొప్పి అనిపించలేదు. ఎవరో అతని గురించి నిజం చెప్పారు, అంతే. ప్రతి శనివారం రాత్రి అన్నం పెడుతూ లిదియమ్మ అడుగుతుంది, "ఈ వారం ఎవరిది?" అని. పెండ్లికూతురు ఎట్టుంది, ఎవరు ఏడ్చారు, పందిట్లో ఎవరు అలిగారు, తను పోయి వచ్చినట్టే చెబుతాడు. ఆమె కూడా పోయి వచ్చినట్టే వింటుంది. ఇంట్లో టీవీయే లేదు, ఆమె ఇంతవరకు అతని పని చూడలేదు. ఇద్దరి ఫోటో ఒకటే ఉంది, పెండ్లినాటిది. అందులో అతను పక్కకు చూస్తున్నాడు.

"ఆ ఫోటో ఇట్టా ఇయ్యండి" అన్నాడు.

ఆమె వెంటనే ఇవ్వలేదు. "పెడతావా?"

"పెండ్లి దాంట్లో పెట్టను. వేరే క్యాసెట్లో తీసిస్తా. దాచిపెట్టుకోండి. మీరు పోయినాక మీవాళ్ళు తెస్తే, ఆయన పక్కన కలిపేస్తా."

"కలిపేదానికి అప్పటికి నువ్వుండాల గదా."

"ఈడనే ఉంటా పెద్దమ్మా. యాడికి పోతా?" ఈ పొద్దు ఆ మాట ధైర్యంగా అనగలిగాడు.

ఫోటోను గోడకు అంటించి, కెమెరాతో పట్టి, కంప్యూటర్లోకి తెచ్చాడు. తెర నిండా వరదమ్మ. ఫోటో తీసినవాడు నవ్వమన్నట్టున్నాడు, ఆమె నవ్వలేదు. ఎవరినో బాగా గమనించి చూస్తున్నట్టుంది. ఆమె స్టూలు లాక్కుని దగ్గరికి జరిగింది.

"నల్లగా పడినా."

"వెలుగు పెంచుతా."

"వద్దులే. నన్ను నన్నుగానే ఉండనీ." కాసేపు చూసుకుని, "పాటగీట వద్దు. దీపం చాలు. ఎంతసేపు వెలగతాది?"

"టేపు ఉన్నంతసేపు."

పాత క్యాసెట్టు ఒకటి వెతికాడు. చివర్లో కొంచెం ఖాళీ ఉంది. మళ్ళీ రికార్డు కాకుండా వెనకనుండే చిన్న ప్లాస్టిక్ చీలిక విరిచేసి ఉంటే, ఆ బెజ్జానికి ప్లాస్టరు అంటించి మూయబోయాడు. ప్లాస్టరు చింపడానికి వేళ్ళకు పట్టు దొరకలేదు. నుదుటి మీద చెమట చల్లగా తగిలింది. వరదమ్మ అతని చేతిని చూసింది. ఇసక మూటను చూసింది. ఏమీ అడక్కుండా ప్లాస్టరు కొసను తన గోటితో లేపి ఇచ్చింది.

"వణుకు మా ఆయనకుగూడా ఉన్నింది" అంది. "గ్లాసు సగమే నింపి ఇచ్చేదాన్ని. ఆయనకు తెలవనట్టు."

లిదియమ్మ వేసిన రెండో వరస కుట్టు అతనికి గుర్తొచ్చింది. తెలిసే వేసిందా? ఈ రాత్రి అడగాలనుకున్నాడు. అడిగితే ఏమవుతుంది? చెయ్యి వణుకుతోందని ఇంట్లో ఒకరికి తెలుస్తుంది. ఇన్నేళ్ళలో అంతకంటే పెద్ద విషయం ఏదీ తను ఆమెకు చెప్పలేదేమో. పెండ్లిళ్ళన్నీ ఊరివాళ్ళవి. ఇది తనది.

"ఇంక మాట్లాడొద్దు" అన్నాడు.

"ఊఁ."

ఉన్నది ఒక్క బొమ్మే. ఒకసారి లేపితే మౌసు మీద చెయ్యి ఉంచాల్సిన పని లేదు. అయినా అలవాటుగా చెయ్యి అక్కడికే పోయింది. మూటను మణికట్టు మీద పెట్టుకున్నాడు. రికార్డు నొక్కాడు. బాణం మూలకు పోయింది.

దీపం వెలిగింది. మంట ఎడమపక్కకు వాలింది, లేచింది, వాలింది. దాని వెనక వరదమ్మ, తెర లోపల ఒకామె, తెర బయట ఒకామె, ఇద్దరూ కదలడం లేదు. డేవిడ్‌రాజు మంటను చూస్తూ కూర్చున్నాడు. ఛాతీ మీద ఎవరో ఇంకో మూట తెచ్చి పెట్టినట్టుంది, దీనికంటే చాలా పెద్దది. లేవాలనిపించలేదు. రికార్డింగు మధ్యలో లేవకూడదు. రెబెకమ్మ అరచెయ్యి మంటకు అడ్డంగా వచ్చింది, వేళ్ళ సందుల్లోంచి ఎర్రటి వెలుగు. గాలికి ఏమీ కాదులే, నేనున్నా గదా, అంటోంది. అతను చేతి వంక చూసుకున్నాడు. వణకడం లేదు. మూట అవసరం లేకుండానే, వేసవికి ముందులాగా, నిశ్చలంగా ఉంది. ఆశ్చర్యపోదామనుకున్నాడు.

వరదమ్మ వెనక నుంచి చూసింది. అతని తల నెమ్మదిగా ముందుకు వంగి గడ్డం ఛాతీకి ఆనింది. భుజం బల్లకు చేరగిలబడింది. కునుకు పట్టింది పాపం అనుకుంది. లేపుదామా అనుకుని, మాట్లాడొద్దన్నాడు గదా అని ఊరుకుంది. కదలొద్దన్నాడు. చెయ్యి చాచి బల్ల మీది ఫ్యానును అతని వైపు తిప్పుదామన్నా బల్ల అదురుతుందేమో.

అతని చెయ్యి మూట కింది నుంచి జారి కొంచెం ముందుకు పోయింది. తెర మీద కిందిమూల నుంచి తెల్లటి చిన్న బాణం ఒకటి బయటికొచ్చింది. దీపం దాకా వచ్చి, కుంది పక్కన ఆగిపోయింది. వరదమ్మకు అది పువ్వులాగా కనిపించింది. దీపం దగ్గర పువ్వు పెట్టాలి గదా. నిద్రలోనే పెట్టినాడే అనుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, తన మొహాన్ని, దీపాన్ని, ఆ పువ్వును చూస్తూ, మామగారింట్లో కూర్చున్నట్టు కూర్చుంది.

టేపు తిరుగుతూనే ఉంది. నల్లకాగితం చిరుగులోంచి పడే ఎండగీత గోడ మీద పైకి పాకింది. చివరికి వీసీఆర్ టక్కుమని ఆగి, తనంతట తను వెనక్కి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

"అయిపోయిందా నాయనా?"

కింద బస్టాండులో కండక్టరు కేక వినిపించింది. ఉదయగిరి, ఉదయగిరి, ఉదయగిరి.

"లెయ్ నాయనా. నీ బస్సంట." కొంచెం ఆగింది. "ఇంట్లో ఆమె చూస్తా ఉంటాది."

వరదమ్మ లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది. చాలాసేపు తియ్యలేదు. బస్సు హారను కొట్టుకుంటూ బయల్దేరి పోయింది. అప్పుడు చీరకొంగుతో అతని నుదురు తుడిచి, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి, గిన్నెలమ్మేటోన్ని పిలిచింది.

శ్రీనివాసులు, టీ అంగడి మనిషి, కూతురి పెండ్లి క్యాసెట్టు కోసం వచ్చి దాన్ని చేతిలో పట్టుకునే ఉన్న మల్లికార్జున, ముగ్గురూ కలిసి అతన్ని ఆ ఇరుకు మెట్ల మీద దించారు. తల్లి ఇక్కడికి ఎందుకొచ్చిందని మల్లికార్జున అడగలేదు. వీసీఆర్లోంచి చుట్టుకుని బయటికొచ్చిన తన క్యాసెట్టును వరదమ్మ గుడ్డసంచిలో బొరుగుల కింద పెట్టుకుంది. ఉదయగిరికి ఎవరు పోయి చెప్పాలనే మాట కింద నడుస్తోంది. పైన ఫ్యానుగానీ తెరగానీ ఎవరూ ఆపలేదు.

బల్ల మీద నీలం పూల ఇసక మూట ఉంది. దాని కడుపున మణికట్టు ఆనిన గుంట ఇంకా పూడలేదు.